అన్నిట్లో ఒకటే సాఫ్ట్‌వేర్, ఒక్కో సిస్టమ్‌లో ఒక్కో తీరు: ఒడిశా సరిహద్దు ఆఫీసుల్లో తేడా ఎక్కడ వస్తోంది

క్లుప్తంగా

మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2016, 2019 వెర్షన్లకు, వాటితోపాటు విండోస్ 10కి, 14 అక్టోబర్ 2025తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. పాతవి వాడుతున్న ఆఫీసులు కొత్తవి వేయించుకోక తప్పని పరిస్థితి. అలా వేయించుకున్న చోటల్లా వినిపించే ప్రశ్న ఒకటే: అన్ని సిస్టమ్‌లలో ఒకటే వేశారు కదా, మరి ఉత్తరం ఒకదాంట్లో ఒకలా ఇంకోదాంట్లో ఇంకోలా ఎందుకు వస్తోంది? ఇన్‌స్టాల్ చేయడం అనేది మొత్తం పనిలో ఒక భాగమే. భాషలు, ఫాంట్లు, తేదీ పద్ధతి, టెంప్లేట్లు, అప్‌డేట్లు ఎక్కడెక్కడో వేరే వేరే చోట్ల ఉంటాయి. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ ఒకే బల్ల మీద నడిచే రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం లాంటి ఊళ్లలో ఈ తేడాలు మిగతా చోట్లకంటే ఎక్కువగా బయటపడతాయి.

పెన్‌డ్రైవ్ పద్ధతి ఎక్కడ దెబ్బతింటుంది

పది పన్నెండు సిస్టమ్‌లున్న ఆఫీసు అనుకుందాం. పత్తి జిన్నింగ్ మిల్లు కావచ్చు, రైస్ మిల్లు కావచ్చు, ఆడిటర్ ఆఫీసు కావచ్చు. లోపల మాటలన్నీ తెలుగులో, తహసీల్దారు ఆఫీసుకు వెళ్లే అర్జీ ఒడియాలో, బిల్లులు ఇంగ్లీషులో. సర్వీస్ అబ్బాయి పెన్‌డ్రైవ్ తెచ్చి ఒక్కో సిస్టమ్ దగ్గర కూర్చుని సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తాడు, ఫాంటు మారుస్తాడు, పేజీ సైజు ఏ4 పెడతాడు, ఓసారి తెరిచి చూపించి వెళ్తాడు. మర్నాడు అకౌంటెంట్ తన లాగిన్‌తో తెరిస్తే అందులో ఒక్క మార్పూ ఉండదు.

తప్పు అబ్బాయిది కాదు. అతను ఆ మార్పులు చేసింది అడ్మిన్ లాగిన్‌లో. వర్డ్‌లో కొత్త కాగితం తెరవగానే ఏ ఫాంటు, ఏ మార్జిన్ రావాలో చెప్పేది నార్మల్ అనే టెంప్లేట్ ఫైలు. ఆ ఫైలు సిస్టమ్‌కి ఒకటి కాదు, లాగిన్‌కి ఒకటి. ముగ్గురు లాగిన్ అయ్యే సిస్టమ్‌లో మూడు నార్మల్ ఫైళ్లుంటాయి, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు.

దీన్ని మూడు అంతస్తుల ఇల్లు అనుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. కింద అంతస్తు ఇన్‌స్టలేషన్: ఏ ప్రోగ్రాములు, ఏ భాషలు, 32 బిట్టా 64 బిట్టా. ఇది సిస్టమ్ మొత్తానికి ఒకటే. మధ్యది పాలసీ, అంటే ఆఫీసు తరఫున పెట్టే కట్టుబాటు, దాన్ని వాడేవాళ్లు మార్చలేరు. పైన యూజర్ ప్రొఫైల్, అంటే ఎవరి అలవాట్లు వాళ్లవి. పెన్‌డ్రైవ్ పద్ధతిలో కింద అంతస్తు మాత్రమే అందరికీ సమానంగా పడుతుంది. మధ్యది ఖాళీ, పైది ఎవరికి తోచినట్టు వాళ్లది. కంప్లైంట్లలో ఎక్కువ భాగం ఈ రెండింటి నుంచే వస్తాయి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అవి పోకపోవడానికి కారణం కూడా ఇదే.

పాత పద్ధతి తెలిసినవాళ్లు కూడా ఎందుకు తికమకపడుతున్నారు

పెద్ద ఫ్యాక్టరీల్లో పనిచేసిన సిస్టమ్ అడ్మిన్‌లకు ఆఫీస్ 2007 నుంచి 2016 దాకా ఒక పద్ధతి అలవాటు. వాల్యూమ్ లైసెన్స్ సీడీలోని సెటప్‌ను అడ్మిన్ అనే స్విచ్‌తో నడిపితే ఒక విజార్డ్ తెరుచుకునేది. అందులో కావలసినవన్నీ టిక్ చేస్తే ఒక ప్యాచ్ ఫైలు తయారయ్యేది, దాన్ని అప్‌డేట్స్ ఫోల్డర్‌లో పడేస్తే ఇన్‌స్టాల్ అవుతూనే మార్పులు కూడా పడిపోయేవి. వర్డ్‌లో ఒక చిన్న సదుపాయం వద్దనుకున్నా తీసేసే వీలుండేది.

2019 వెర్షన్ నుంచి ఆ దారి మూసేశారు. ఇప్పుడున్నది క్లిక్-టు-రన్ అనే కొత్త ఇన్‌స్టాల్ పద్ధతి ఒక్కటే. దీన్ని నడిపేది ఆఫీస్ డిప్లాయ్‌మెంట్ టూల్ అనే ఉచిత పనిముట్టు: ఒక సెటప్ ఫైలు, దాని పక్కన ఒక కాన్ఫిగరేషన్ ఫైలు, అంతే. ఇందులో యాక్సెస్ వద్దు, పబ్లిషర్ వద్దు అని ప్రోగ్రాముకు ప్రోగ్రామే తీసేయవచ్చు కానీ ప్రోగ్రాము లోపలి ముక్కలు తీయడం కుదరదు. పాత ప్యాచ్ ఫైలు దీనికి అసలు పనికిరాదు. పాత సిస్టమ్‌లో ఎంఎస్ఐ అనే పాత ఇన్‌స్టాలర్ పద్ధతిలో వేసి మిగిలిన 2010, 2013, 2016 వెర్షన్లను ముందు తీసెయ్యమని కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక లైను రాయవచ్చు. ఆ లైను రాయకపోవడం వల్ల వచ్చే గొడవలు చాలా ఉంటాయి, డబుల్ క్లిక్ చేస్తే పాతది తెరుచుకోవడం అందులో ఒకటి.

ఫైలు చేత్తో రాయడం రాకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆఫీస్ కస్టమైజేషన్ టూల్ అనే వెబ్ పేజీలో టిక్కులు పెట్టుకుంటూ పోయి చివర్లో ఫైలు దించుకోవచ్చు. పనికొచ్చే విషయం ఏంటంటే, అదే ఫైలులో యాప్ ప్రిఫరెన్సులు కూడా రాయవచ్చు, అంటే డిఫాల్ట్‌గా ఏ ఫార్మాట్‌లో సేవ్ కావాలి లాంటివి. అవి ఆ సిస్టమ్‌లో ఇప్పుడున్న లాగిన్‌లకే కాదు, రేపు కొత్తగా చేసే లాగిన్‌లకు కూడా పడతాయి. పాలసీకీ ప్రిఫరెన్సుకీ ఒకటే తేడా: ప్రిఫరెన్సును వాడేవాళ్లు తర్వాత మార్చుకోగలరు.

ఈ తేడా చిన్న ఆఫీసులకు డబ్బు విషయం కూడా. మైక్రోసాఫ్ట్ 365 యాప్స్ ఫర్ బిజినెస్ అనే చవక రకంలో గ్రూప్ పాలసీ పనిచేయదు, ప్రైవసీకి సంబంధించిన కొన్ని సెట్టింగులు తప్ప. ఎంటర్‌ప్రైజ్ రకంలో పనిచేస్తుంది. రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, బిజినెస్ కొని పాలసీలు పెట్టి, అవి ఎందుకు పడటం లేదని రోజులు గడిచిపోతాయి. పన్నెండు సిస్టమ్‌ల ఆఫీసుకు ప్రిఫరెన్సులు చాలు, ఆ సంగతి కొనేముందే తెలుసుకోవాలి.

ఒక్కసారి దించుకుంటే చాలు

క్లిక్-టు-రన్ ప్యాకేజీ సుమారు 3 జీబీ, ఒక్కో భాష చేరేకొద్దీ ఇంకొంత. పన్నెండు సిస్టమ్‌లు ఎవరికి వాళ్లు నెట్‌లోంచి దించుకుంటే 36 జీబీ అవుతుంది. కొండల మధ్య ఊళ్లలో నెట్ మధ్యాహ్నం మాటిమాటికీ తెగుతుంటే ఆ దించుడు సగంలో ఆగుతుంది, ఆగిన సిస్టమ్‌లో సాఫ్ట్‌వేర్ ఉన్నట్టూ ఉండదు లేనట్టూ ఉండదు. డిప్లాయ్‌మెంట్ టూల్‌లో రెండు ఆజ్ఞలు వేర్వేరుగా ఉన్నది దీనికోసమే: డౌన్‌లోడ్ ఒకటి, కాన్ఫిగర్ ఇంకొకటి. రాత్రి ఒక్క సిస్టమ్‌లో ఒక్కసారి షేర్డ్ ఫోల్డర్‌లోకి దించుకుంటే, పొద్దున మిగతావన్నీ ఆఫీసు లోపలి తీగ మీదే ఎక్కించుకుంటాయి.

తర్వాత వచ్చే అప్‌డేట్లకు కూడా ఇదే లెక్క. అవి ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలో కాన్ఫిగరేషన్ ఫైలులో చెప్పకపోతే ప్రతి సిస్టమ్ ప్రతి నెలా సొంతంగా నెట్ మీద పడుతుంది. షేర్డ్ ఫోల్డర్‌ను చూపిస్తే నెట్ మిగులుతుంది కానీ నెలనెలా కొత్త వెర్షన్ ఆ ఫోల్డర్‌లోకి దించే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి లేని ఆఫీసు షేర్డ్ ఫోల్డర్ పెట్టకపోవడమే మంచిది, ఎందుకంటే అప్‌డేట్లు నెలల తరబడి ఆగిపోయినా పైకి ఏమీ తెలియదు.

32, 64 బిట్ సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఒకే సిస్టమ్‌లో రెండు రకాల ఆఫీస్ సాఫ్ట్‌వేరూ ఇమడవు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్సెల్‌లోకి డేటా లాగే పాత డ్రైవర్లు 32 బిట్‌వైతే, 64 బిట్ ఎక్సెల్ వేసిన రోజే ఆ లింకు తెగుతుంది. కాబట్టి ముందు అకౌంటెంట్ సిస్టమ్‌లో వేసి చూడాలి, రిసెప్షన్ సిస్టమ్‌లో కాదు.

తెలుగు వేశాం అంటే ఏం వేశారు

సరిహద్దు ఆఫీసులకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే. తెలుగు వేయడం అనే ఒక్క మాటలో నాలుగు వేరే వేరే పనులున్నాయి. మెనూలు తెలుగులో కనిపించడం ఒకటి. అక్షరదోషాలు పట్టే ప్రూఫింగ్ రెండోది. కీబోర్డు మూడోది. ఫాంటు నాలుగోది. మొదటి రెండూ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ నుంచి వస్తాయి, తర్వాతి రెండూ విండోస్ నుంచి. ఆఫీస్ కాన్ఫిగరేషన్ ఫైలులో తెలుగు, ఒడియా భాషల పేర్లు రాసినంత మాత్రాన కీబోర్డు రాదు.

మైక్రోసాఫ్ట్ లెక్కలో హిందీ పూర్తి భాష. తెలుగు, ఒడియా, మరాఠీ పాక్షిక భాషలు, అంటే వీటి కింద ఇంగ్లీషు లాంటి పూర్తి భాష ఒకటి తప్పనిసరిగా ఉండాలి. కాబట్టి ఫైలులో ఇంగ్లీషు మొదట, తర్వాత తెలుగు, ఒడియా. కీబోర్డుకు విండోస్ 10 మే 2019 అప్‌డేట్ నుంచి ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ పద్ధతి తెలుగుకీ ఒడియాకీ మరాఠీకీ వచ్చింది. ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక కీబోర్డు అమరిక నేర్చుకున్న పాత టైపిస్టులు దాన్నే అడుగుతారు, రెండూ పెట్టి ఉంచడం వల్ల నష్టం లేదు.

ఇక ఫాంట్లు. పాత ఉత్తరాలు చాలావరకు గౌతమి ఫాంటులో ఉంటాయి, ఒడియావి కళింగలో. విండోస్ 10 నుంచి ఈ రెండూ మామూలుగా సిస్టమ్‌లో ఉండవు. ఆ భాషను విండోస్ సెట్టింగుల్లో చేరిస్తే అదనపు ఫాంట్ల ప్యాకేజీగా వస్తాయి. చేర్చని సిస్టమ్‌లో అదే ఉత్తరం తెరిస్తే అక్షరాలు నిర్మల యూఐ ఫాంటులో కనిపిస్తాయి. చదవడానికి ఇబ్బంది లేదు కానీ అక్షరం వెడల్పు మారుతుంది, లైను విరిగే చోటు మారుతుంది, మొదటి పేజీలో ఉండాల్సిన సంతకం రెండో పేజీకి జారిపోతుంది. పక్క సిస్టమ్‌లో సరిగ్గా ఉండి ఇక్కడ జరిగిందేంటి అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

అనూ ఫాంట్లు, ఒడియాలో ఆకృతి ఫాంట్లతో కొట్టిన పాత ఫైళ్లది వేరే కథ. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షర సంకేతాల పద్ధతి) కావు. లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, ఫాంటు దాని మీద తెలుగు బొమ్మ గీస్తుంది. ఫాంటు లేకపోతే పిచ్చి గీతలు వస్తాయి. వీటికి సెట్టింగుతో పని జరగదు, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి ఒక మనిషి కూర్చుని సరిచూసుకోవాలి.

కొత్త టెంప్లేటుకు ఏ ఫాంటు పెట్టాలి అన్నప్పుడు వర్డ్ లోపలి ఒక పద్ధతి తెలియాలి. వర్డ్ ఇంగ్లీషు అక్షరాలకు ఒక ఫాంటు అర, కాంప్లెక్స్ స్క్రిప్ట్‌లకు వేరే అర పెట్టుకుంటుంది. తెలుగు, ఒడియా, దేవనాగరి మూడూ ఆ రెండో అరలోవే. మందలి లాంటి తెలుగు ఫాంటును అక్కడ పెడితే అదే పేజీలోని ఒడియా అక్షరాలకు ఆ ఫాంటులో చోటుండదు, వర్డ్ తనకు తోచిన ఇంకో ఫాంటు తెచ్చుకుంటుంది, అది సిస్టమ్‌ను బట్టి మారుతుంది. రెండు దారులున్నాయి. ఒడియా పేరాలకు విడిగా ఒక స్టైల్ చేసి దాని ఫాంటు దానికి పెట్టడం ఒకటి. లేదా తెలుగు, ఒడియా, దేవనాగరి అన్నీ ఉన్న నిర్మల యూఐనే ఆ అరలో పెట్టడం. అందం కొంచెం తగ్గినా, విండోస్ 8 నుంచి ఉన్న ఫాంటు కాబట్టి ఏ సిస్టమ్‌లోనైనా ఒకేలా వస్తుంది. రోజువారీ ఉత్తరాలకు రెండోదే మేలు.

నిర్మల యూఐలో సొరాంగ్ సొంపెంగ్ లిపి కూడా ఉంది. 2012లో యూనికోడ్‌లో చేరిన సవర భాష లిపి అది. సవరలు ఎక్కువగా ఉండే గుణుపురం, పర్లాకిమిడి వైపు ఆఫీసులకు ఇది పనికొచ్చే సంగతి. ఆ పర్లాకిమిడిలోనే మేష్టారుగా ఉండి సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి పేరుతో ఒక యూనికోడ్ తెలుగు ఫాంటు కూడా ఉచితంగా దొరుకుతుంది, బోర్డులకు, ఆహ్వానాలకు బాగుంటుంది.

ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా

తేదీల గొడవ డబ్బు దాకా పోతుంది. ఎక్సెల్ తేదీని ఎలా చదవాలో విండోస్ రీజియన్ సెట్టింగును అడుగుతుంది. కొత్త సిస్టమ్ అమెరికా ఇంగ్లీషుతో ఉంటే 03/04/2026 అనేది మార్చి 4. ఇండియా ఇంగ్లీషుతో ఉంటే ఏప్రిల్ 3. పోర్టల్ నుంచి దించిన సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన ఉత్త డేటా ఫైలు) అమెరికా సెట్టింగులో తెరిస్తే 12వ తేదీ దాకా ఉన్నవన్నీ నెలా రోజూ తారుమారై తేదీలుగా మారతాయి, 13 నుంచి ఉన్నవి అలాంటి నెల లేదు కాబట్టి ఉత్త అక్షరాలుగా మిగిలిపోతాయి. కాలమ్‌లో కొన్ని కుడివైపు, కొన్ని ఎడమవైపు అంటుకుని కనిపిస్తే సంగతి ఇదే. సేవ్ చేశారంటే ఆ తారుమారు ఫైలులో శాశ్వతంగా ఉండిపోతుంది.

లక్షల కామాలు కూడా అక్కడివే. ఒక సిస్టమ్‌లో 12,34,567 అని, ఇంకోదాంట్లో 1,234,567 అని వచ్చేది రీజియన్ తేడా వల్ల. ఆఫీస్ కాన్ఫిగరేషన్ ఫైలు దీన్ని ముట్టుకోదు. విండోస్‌లో రీజియన్‌ను ఇంగ్లీష్ ఇండియాకు మార్చి, అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌లో ఆ సెట్టింగును కొత్త లాగిన్‌లకు కాపీ చేయాలి. కాపీ చేయడం మర్చిపోతే రేపు చేరే ఉద్యోగి లాగిన్‌లో మళ్లీ మార్చి నాలుగే.

రెండు రాష్ట్రాల బిల్లు పుస్తకం

పర్లాకిమిడిలో ఒక ఆఫీసు, పక్కనే సరిహద్దు దాటితే పాతపట్నంలో ఇంకొకటి ఉన్న వ్యాపారానికి జీఎస్టీ నంబర్లు రెండు. ఒడిశాది 21తో మొదలవుతుంది, ఆంధ్రప్రదేశ్‌ది 37తో. (మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దులోని ధర్మాబాద్, సిరొంచ వైపు ఇదే పరిస్థితి 27, 36లతో.) లెటర్‌హెడ్డూ బిల్లు ఫార్మాటూ ఎవరి డెస్క్‌టాప్ మీద వాళ్లు కాపీ చేసుకుంటే పాత నంబరున్న కాపీ ఎక్కడో ఒకచోట బతికే ఉంటుంది. టెంప్లేట్లన్నీ షేర్డ్ ఫోల్డర్‌లో ఒకేచోట, చదవడానికి మాత్రమే వీలుండేలా పెట్టి, వర్డ్ ఆప్షన్లలో వర్క్‌గ్రూప్ టెంప్లేట్ల దారిగా ఆ ఫోల్డర్‌ను చూపిస్తే, అక్కడి టెంప్లేట్‌తో కొత్త ఫైలు తెరిచినప్పుడల్లా తాజా ఫార్మాటే వస్తుంది.

మాక్రోలు, అంటే ఫైలు లోపలే నడిచే చిన్న ప్రోగ్రాములు, ఉన్న బిల్లు ఫైళ్ల దగ్గర ఇంకో చిక్కు. నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను 2022 నుంచి ఆఫీస్ డిఫాల్ట్‌గా ఆపేస్తోంది. ఫైలు మెయిల్‌లోంచో వాట్సాప్ వెబ్‌లోంచో దిగినప్పుడు విండోస్ దాని మీద ఒక కనపడని ముద్ర వేస్తుంది. ఆ ముద్ర ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే విండోస్ మామూలు ఫార్మాటు డిస్కులోనే నిలుస్తుంది, ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే రాలిపోతుంది. అందుకే అదే ఫైలు పెన్‌డ్రైవ్‌తో వచ్చిన సిస్టమ్‌లో నడుస్తుంది, మెయిల్‌లో వచ్చిన సిస్టమ్‌లో నడవదు. షేర్డ్ ఫోల్డర్‌ను పేరుతో తెరిస్తే లోపలి నెట్‌వర్క్ అనుకుంటుంది, ఐపీ నంబరుతో తెరిస్తే బయటి నెట్ అనుకుని ఆపేస్తుంది. ఇలా ఆగినప్పుడు అన్ని మాక్రోలనూ అన్ని సిస్టమ్‌లలో అనుమతించేయడం ప్రమాదం, వైరస్‌లు వచ్చే పెద్ద దారుల్లో అదొకటి. బిల్లు ఫైలున్న ఒక్క ఫోల్డర్‌ను ట్రస్టెడ్ లొకేషన్‌గా చేర్చి, అందులో రాసే హక్కు ఒకరిద్దరికే ఇస్తే సరిపోతుంది.

ఉచితమైనదీ, నెట్‌లో నడిచేదీ

లిబ్రేఆఫీస్ 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చింది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగు, ఒడియా, మరాఠీ మెనూలు మూడూ ఒకే ఎంఎస్ఐ ప్యాకేజీలో ఉంటాయి, ఏ భాషలు కావాలో ఇన్‌స్టాల్ ఆజ్ఞలోనే చెప్పి ఏ ప్రశ్నా అడగకుండా వేయించవచ్చు. ఉత్తరాలకు, మామూలు లెక్కలకు చాలు. ఎక్సెల్ మాక్రోలు మాత్రం అన్నీ నడవవు, వర్డ్ ఫైళ్ల పేజీ అమరిక కొంచెం అటూఇటూ అవుతుంది. కేంద్ర ప్రభుత్వం ఓపెన్ సోర్స్ వాడకానికి 2015లో విధానం తెచ్చింది, 2025లో కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ తన పనికి, నెట్‌లో నడిచే జోహో ఆఫీస్ సూట్‌కు మారుతున్నట్టు ప్రకటించారు. నెట్‌లో నడిచే వాటికి ఇన్‌స్టలేషన్ టెన్షన్ ఉండదు. కానీ వాటి పనితీరు నెట్ మీదే ఆధారపడుతుంది, ఫాంటు, కీబోర్డు, తేదీల చిక్కులు అలాగే ఉంటాయి.

ఏది ఎంచుకున్నా ఫర్వాలేదు, సగం సిస్టమ్‌లలో ఒకటి, సగంలో ఇంకొకటి పెట్టడమే అన్నిటికంటే ఖరీదైన దారి. ఒకే ఫైలు రెండింటి మధ్య తిరుగుతూ ప్రతిసారీ కొంచెం చెదిరిపోతుంది, ఎవరు చెదరగొట్టారో ఎవరికీ తెలియదు.

లైసెన్సు ఎవరి మెయిల్ మీద ఉంది

ఒక్కసారి డబ్బు కట్టి కొనే రిటైల్ ఆఫీస్ మొదటిసారి రిడీమ్ చేసినప్పుడు ఇచ్చిన మైక్రోసాఫ్ట్ అకౌంటుకు కట్టుబడిపోతుంది. చిన్న ఆఫీసుల్లో ఆ అకౌంటు సర్వీస్ అబ్బాయిదో, మానేసి వెళ్లిపోయిన గుమస్తాదో అవడం మామూలు. సిస్టమ్ ఫార్మాట్ చేసిన రోజు ఆ మెయిల్ పాస్‌వర్డ్ కోసం వెతుకులాట. కొనేముందే ఆఫీసు పేరుతో ఒక మెయిల్ చేసి, దాని రికవరీ నంబరు యజమాని ఫోనుకు పెట్టాలి.

అన్నీ రాసుకున్నాక కాన్ఫిగరేషన్ ఫైలును మొదట ఒకే సిస్టమ్‌లో నడిపి, అందులో అప్పటిదాకా లేని ఒక కొత్త లాగిన్ చేసి చూడాలి. అడ్మిన్ లాగిన్‌లో అన్నీ బాగానే కనిపిస్తాయి కాబట్టి అక్కడ చూసి లాభం లేదు. ఆ కొత్త లాగిన్‌లో ఒక తెలుగు ఉత్తరం, ఒక ఒడియా అర్జీ తెరిచి ప్రింట్ తీయాలి, ఒక సీఎస్‌వీ తెరిచి 13వ తేదీ తర్వాతి లైన్లు చూడాలి, బిల్లు మాక్రో నడపాలి. నాలుగూ సరిగ్గా ఉంటేనే మిగతా పదకొండింటికి వెళ్లాలి. ఆఫీస్ 2021 వాడుతున్నవాళ్లకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన గడువు 13 అక్టోబర్ 2026. ఇప్పుడు రాసుకున్న ఫైలులో వెర్షన్ పేరు, ఛానల్ (అప్‌డేట్లు వచ్చే వరస) పేరు మారిస్తే ఆ సిస్టమ్‌లకూ అదే సరిపోతుంది.